మనసు ఒక్కటే ఉంటే చాలదు

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 36. సాఫ్ట్‌వేర్‌లో 13 ఏళ్ల అనుభవం ఉంది. మా బాబుకి మూడేళ్లు. మెటర్నిటీ లీవ్‌కి ముందు ఒక పేమెంట్స్ ప్రాజెక్టు డిజైన్ అంతా నేనే చూసేదాన్ని. తిరిగి చేరాక నన్ను సపోర్ట్ టికెట్ల మీద, అంటే వచ్చిన ఫిర్యాదులు సరిచేసే పని మీద వేశారు. ప్రమోషన్ అడిగితే, "మీరు సాయంత్రం 5:30కల్లా వెళ్లిపోతారు కదా, టీమ్ లీడ్ అంటే ఎప్పుడూ అందుబాటులో ఉండాలి" అన్నారు. బాబు పడుకున్నాక రాత్రి పదింటికి మళ్లీ కూర్చుని పని పూర్తి చేస్తున్నాను. ఆ గంటలు ఎవరి లెక్కలోకీ రావడం లేదు. మొన్న ఉమెన్స్ డే రోజు మా మేనేజర్ టీమ్ గ్రూపులో స్టెఫనీ షర్లీ అనే బ్రిటిష్ ఆవిడ గురించి ఒక పోస్టు పెట్టి, నన్ను ట్యాగ్ చేసి, "మనసుంటే మార్గం ఉంటుంది" అని రాశారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం ఆ రాత్రి ఏడుపు ఆగలేదు. ఆటిజం ఉన్న కొడుకుని పెంచుతూ ఆవిడ అంత పెద్ద కంపెనీ కట్టగలిగితే, ఆరోగ్యంగా ఉన్న ఒక్క పిల్లాడితో నేనెందుకు ఇంత సతమతమవుతున్నాను? లోపం నాలోనే ఉందా? ఉద్యోగం మానేసి ఆవిడలా సొంతంగా ఏదైనా మొదలుపెట్టనా? ఆ పోస్టు కూడా జత చేస్తున్నాను.

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీరు పంపిన ఆ పోస్టు చదివాను. పట్టుమని పదిహేను లైన్లు లేవు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆరు పౌన్లతో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారన్నది నిజమే. చివరికి దాని విలువ దాదాపు 300 కోట్ల డాలర్లకు చేరిందన్నదీ నిజమే. కొడుకు సంగతీ నిజమే. అయితే ఆ కంపెనీలో పని రోజూ ఎలా జరిగేది, ఎవరు చేసేవాళ్లు, డబ్బు ఎలా లెక్కకట్టేవాళ్లు అన్నదంతా వదిలేసి, ఆవిడ గుండె నిబ్బరం గురించి మాత్రమే రాశారు. ఆ పోస్టు చదివితే ఎవరికైనా మీకు అనిపించిందే అనిపిస్తుంది, 'ఆవిడకున్న మనసు నాకు లేదేమో' అని.

మీరు అడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను. లోపం మీలో లేదు. ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. ఎందుకంటున్నానో తెలియాలంటే షర్లీ గారి కెరీర్‌ని కాస్త నిదానంగా చూడాలి. నేనూ ఇదే రంగంలో ముప్పై ఏళ్లకు దగ్గరగా పనిచేశాను. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఆ పోస్టులో ఒక్క ముక్క కూడా లేదు.

ఆవిడ పుట్టింది 1933లో, జర్మనీలోని డార్ట్‌మండ్‌లో. తండ్రి యూదుడు, జడ్జిగా పనిచేసేవారు. నాజీలొచ్చాక ఆ ఉద్యోగం పోయింది. 1939లో, ఐదేళ్ల వయసులో, తొమ్మిదేళ్ల అక్కతో కలిసి ఈ పాపని ఇంగ్లండ్ వెళ్లే రైలెక్కించారు. కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అని, అలా దాదాపు పదివేల మంది పిల్లల్ని తరలించిన ప్రయత్నం అది. ముక్కూమొహం తెలియని దంపతులు ఈ ఇద్దర్నీ పెంచుకున్నారు. దక్కిన ఈ ప్రాణం దక్కినందుకు తగ్గట్టుగా బతకాలన్న పట్టుదల ఆవిడని జీవితమంతా నడిపించింది. ఈ విషయం ఆవిడే ఎన్నోసార్లు చెప్పుకున్నారు. కాబట్టి మనసు గట్టిదే, కాదనను. అయితే ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పనప్పుడు ఈ అమ్మాయి గట్టి మనసుతో ఊరుకోలేదు. అనుమతి తెచ్చుకుని మగపిల్లల బడికి వెళ్లి లెక్కలు నేర్చుకుంది. దారి లేకపోతే తలుపు ఎక్కడుందో వెతకడం అప్పటి నుంచే ఆవిడకి అలవాటు.

పద్దెనిమిదేళ్లకి లండన్‌లోని డాలిస్ హిల్‌లో పోస్టాఫీసు పరిశోధనా కేంద్రంలో చేరారు. యుద్ధకాలంలో శత్రువుల రహస్య సందేశాల్ని ఛేదించడానికి కొలోసస్ యంత్రాన్ని కట్టిన టామీ ఫ్లవర్స్ పనిచేసిన చోటు అది. పగలు ఉద్యోగం, సాయంత్రం క్లాసులు. అలా ఆరేళ్లు చదివి గణితంలో డిగ్రీ తెచ్చుకున్నారు. అదే పనికి మగవాళ్లకి ఎక్కువ జీతం, ఆడవాళ్లకి తక్కువ జీతం ఇచ్చే రోజులవి. అది చాటుమాటు వ్యవహారం కాదు, బాహాటంగా రాసిపెట్టిన జీతాల పట్టికే అలా ఉండేది. తర్వాత ఒక కంప్యూటర్ సంస్థలోకి మారారు. అక్కడ ఒక మీటింగులో తన అభిప్రాయం చెప్పబోతే, 'నువ్వు టెక్నికల్ మనిషివి, ఇది నీకు సంబంధించింది కాదు' అన్నారు. ఆ మాటతో ఆవిడకి తేలిపోయింది. ఇక్కడ ఎంత బాగా పనిచేసినా, తనని ఎక్కడిదాకా రానిస్తారో ముందే గీత గీసి ఉంచారని.

మీకు '5:30' అన్న మాట కూడా ఆ గీతే. గీత గీసిన కారణం మాత్రం మారింది.

1962లో ఆవిడ బయటికొచ్చి ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్ అనే కంపెనీ పెట్టారు. ఆఫీసంటే ఇంట్లో డైనింగ్ టేబులే. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పెళ్లయిన ఆడది భర్త అనుమతి లేకుండా బ్యాంకులో ఖాతా కూడా తెరవలేకపోయేది. పైగా సాఫ్ట్‌వేర్ అనేది విడిగా అమ్మే సరుకన్న ఆలోచన కూడా ఎవరికీ లేదు. కంప్యూటర్ కొంటే దాంతోపాటు ఉచితంగా వచ్చేది. ఉచితంగా దొరికేదాన్ని డబ్బులిచ్చి కొనమని, అదీ ఒక ఆడమనిషి దగ్గర కొనమని, ఆవిడ కంపెనీలకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. స్టెఫనీ అని సంతకం చేసిన ఉత్తరాలకి జవాబులు రాలేదు. భర్త డెరెక్ ఒక సలహా ఇచ్చారు: ఇంట్లో పిలిచే 'స్టీవ్' అన్న పేరుతో సంతకం పెట్టమని. పెట్టారు. జవాబులొచ్చాయి. గదిలోకి వెళ్లి చెయ్యి కలిపాకే అవతలివాళ్లకి తెలిసేది, స్టీవ్ అంటే ఆడమనిషని. అప్పటికి మాటలు మొదలైపోయేవి.

ఈ స్టీవ్ కథ అందరికీ ఇష్టం. మీ మేనేజర్ గారి పోస్టులోనూ సగం అదే. నాకు మాత్రం ఇది చదివినప్పుడల్లా బాధే కలుగుతుంది. పేరు మార్చుకోవడం తెలివైన పనే, కానీ తప్పనిసరై చేసిన పని. దాన్ని విజయగాథగా చెప్పుకోవడం కన్నా, అసలు విజయం ఆ తర్వాత మొదలైందని చెప్పుకోవడం న్యాయం.

ఆ తర్వాతది చూడండి. ఆవిడ ఎవర్ని పనిలోకి తీసుకున్నారు? ప్రోగ్రామింగ్ బాగా వచ్చి, పెళ్లయిందనో బిడ్డ పుట్టిందనో ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న ఆడవాళ్లని. ప్రోగ్రామర్లు దొరక్క పరిశ్రమ అల్లాడుతుంటే, తర్ఫీదు పొందిన ఇంతమంది ఇళ్లలో ఊరికే ఉన్నారు. వాళ్లలో లోటేమీ లేదని, పని ఇచ్చే పద్ధతిలోనే లోటుందని ఆవిడ గమనించారు. అందుకని వాళ్లని మార్చకుండా పద్ధతినే మార్చారు. చేరడానికి ఇంట్లో ఫోన్ ఉండాలి, అంతే. ఆ ఇళ్లలో కంప్యూటర్ లేదు, ఉండే అవకాశమూ లేదు. పెన్సిల్‌తో కాగితం మీద ఫ్లోచార్టు గీసేవాళ్లు. తర్వాత కోడ్ రాసేవాళ్లు. ఆ కాగితాల్ని కవర్లో పెట్టి పోస్టు చేసేవాళ్లు. కంప్యూటర్ కేంద్రంలో దాన్ని కార్డుల మీదో పేపర్ టేపు మీదో రంధ్రాలుగా పంచ్ చేసేవాళ్లు. సరిచూసుకోవడానికి మళ్లీ ఇంకోసారి పంచ్ చేసేవాళ్లు. ఆ తర్వాతే అది యంత్రంలోకి వెళ్లేది.

ఒక్కసారి ఊహించుకోండి. ఒక్క అంకె తప్పు పడిందంటే, అది యంత్రం దాకా వెళ్లి, తప్పని తేలి, పోస్టులో తిరిగొచ్చి, దిద్ది మళ్లీ పంపాలి. రోజులు గడిచిపోతాయి. అందుకే కాగితం మీద ఉన్నప్పుడే వేలుపెట్టి ఒక్కో లైను చదువుకుంటూ సరిచూసుకునేవాళ్లు. ఇలా పనిచేసే టీముకి, పక్కసీటు వైపు తిరిగి 'ఇది ఏ ఉద్దేశంతో రాశావు' అని అడిగే వీలు లేదు. ప్రతిదీ రాతలో ఉండాలి. ఏం కావాలి, ఎలా పరీక్షించాలి, ఎప్పుడు పూర్తయినట్టు, అన్నీ. ఇళ్లలో విడివిడిగా ఉన్న ఆ ఆడవాళ్ల కోసం పుట్టిన క్రమశిక్షణ అది. ఆ కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ప్రమాణాల్ని తర్వాత నాటో సైనిక కూటమి కూడా తీసుకుంది. కాన్‌కార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ చేసింది ఈ ఇంటి టేబుళ్ల దగ్గరే. ఆ పనిని నడిపిన ఆన్ మొఫట్ ఫొటో ఒకటి ఉంది. టేబుల్ మీద కాగితాలు, చేతిలో పెన్సిల్, పక్కన చంటిబిడ్డ. ధ్వని కన్నా వేగంగా ఎగిరే విమానానికి రాసిన కోడ్ అది.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. క్లయింట్లకి ఆ కంపెనీ గంటల లెక్కన కాకుండా, పని మొత్తానికి ఇంతని ధర చెప్పేది. రాసినవాళ్లు ఉదయం రాశారా, బిడ్డని పడుకోబెట్టి అర్ధరాత్రి రాశారా అన్నది క్లయింటుకి అనవసరం. ప్రోగ్రామ్ చెప్పిన రోజుకి వచ్చిందా, సరిగ్గా నడిచిందా, అంతే. గంటలు లెక్కలోంచి తీసేస్తే, 'అందుబాటులో లేదు' అన్న మాట కూడా దానంతటదే రాలిపోతుంది.

ఇక్కడే మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగాను. రాత్రి పదింటికి కూర్చుని చేస్తున్న గంటలు ఎవరి లెక్కలోకీ రావడం లేదన్నారు. మీ బాధ అర్థమైంది. కానీ ఆ గంటల్ని లెక్కలోకి తీసుకోమని మాత్రం అడగకండి. అడిగితే ఏమవుతుందో తెలుసా? రాత్రి పదింటికి కూడా మీరు దొరుకుతారని నమోదవుతుంది. పగలు 5:30 దాకా, రాత్రి పది తర్వాతా. అప్పుడూ లీడ్ మీరవ్వరు, మీకు నిద్ర మాత్రం పోతుంది. గంటలతో కొలిచే ఆటలో చిన్నపిల్లాడున్న తల్లి ఎప్పుడూ ఓడిపోతుంది. ఎందుకంటే ఆ ఆట నియమాలే ఆమె ఓడిపోయేలా ఉన్నాయి. అందుకని కొలతనే మార్చమని అడగాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు, కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చేసే ఒక రిలీజ్ రాత్రి, జ్వరం 102. నేను మెట్ల మీద కూర్చుని కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్నాను. పాప ఒళ్లో ఉంది, దగ్గుతోంది. ఫోన్ మ్యూట్‌లో పెట్టుకున్నాను. కాల్‌లో నన్ను ఒక ప్రశ్న అడిగారు. జవాబు నాకు తెలుసు. నోరు తెరిస్తే పాప దగ్గు వినబడుతుంది. అందుకని చాట్‌లో 'లైన్ సరిగా లేదు, టైప్ చేస్తున్నా' అని రాశాను. మర్నాడు అదే జవాబు ఇంకొకరు చెప్పారు, ఆ మాడ్యూల్, అంటే ప్రోగ్రామ్‌లో ఆ భాగం, వాళ్లకి వెళ్లింది. ఆ కంపెనీ పేరెందుకు గానీ, అక్కడ ఎవరూ నన్ను వేధించలేదు. మంచివాళ్లే. నేనే భయంతో దాచాను. చాలా ఏళ్ల తర్వాత షర్లీ గారి గురించి చదివినప్పుడు ఒక విషయం తెలిసింది. ఆవిడ ఇంట్లోంచి క్లయింట్లతో ఫోన్లో మాట్లాడేటప్పుడు, వెనక బిడ్డ ఏడుపు వినబడకుండా టైప్‌రైటర్ చప్పుడు రికార్డు చేసిన టేపు పెట్టేవారట. అది చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఆవిడ టేపు, నా 'లైన్ సరిగా లేదు', రెండూ ఒకటే.

ఆ తర్వాత నేను లీడ్ అయ్యాక, ఒకరోజు నా టీములో ఒక అమ్మాయి కాల్‌లో ఉన్నట్టుండి మౌనమైపోయి, చాట్‌లో 'నెట్‌వర్క్ ప్రాబ్లమ్' అని రాసింది. నాకు వెంటనే తెలిసిపోయింది. కాల్ అయ్యాక ఆ అమ్మాయిని ఏమీ అడగలేదు. ఆ వారం నుంచి ఒక పని చేశాను. డిజైన్ నిర్ణయాలు కాల్‌లో తీసుకోవడం ఆపేశాం. ఎవరి ప్రతిపాదన వాళ్లు ఒక పేజీ రాసి పెట్టాలి. రెండు రోజుల్లోపు అందరూ దాని మీదే అభ్యంతరాలు రాయాలి. మూడో రోజు పగటిపూట అరగంట మీటింగు పెట్టి తేల్చేస్తాం. మొదట్లో అందరూ విసుక్కున్నారు. రెండు రిలీజులయ్యాక, చిన్నపిల్లలున్నవాళ్ల కన్నా ముందు, కాల్స్‌లో నోరు తెరవడానికి మొహమాటపడే కుర్రాళ్లే దీన్ని వదులుకునేది లేదన్నారు. నాకు అంతకుముందు ఆ కోణం తట్టనే లేదు.

ఇక పోస్టులో రాయని ఇంకో సంగతి, ఆవిడ చెల్లించుకున్న మూల్యం. కొడుకు జైల్స్ 1963లో పుట్టాడు. రెండున్నరేళ్ల వయసుకి వచ్చిన ఆ కాసిని మాటలూ పోయాయి. తీవ్రమైన ఆటిజం అని తేలింది. ఎదిగేకొద్దీ ఇంట్లో చూసుకోవడం కష్టమైపోయింది. ఒక దశలో ఆవిడ మానసికంగా పూర్తిగా కుంగిపోయి ఆసుపత్రి పాలయ్యారు. కొడుకునీ ఆసుపత్రిలో పెట్టి చూసుకోవలసి వచ్చింది. 1998లో జైల్స్ 35 ఏళ్లకే చనిపోయాడు. ఈ బాధల్ని ఆవిడ ఎప్పుడూ దాచుకోలేదు, మనసుంటే అన్నీ సాధ్యమేనని చెప్పుకోనూ లేదు. ఆవిడ పక్కన డెరెక్ ఉన్నారు. డాలిస్ హిల్‌లోనే భౌతికశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన మనిషి. కంపెనీ కోసం ఇంటి మీద అప్పు తెచ్చారు. కంపెనీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ ఇల్లు గడవడానికి ఇంకో జీతం ఉంది. 'ఆరు పౌన్లతో' అని చెప్పేవాళ్లు ఆ అప్పుని, ఆ జీతాన్ని కూడా కలిపి చెప్పాలి.

మరి ఆ కంపెనీని ఆవిడ తన గుప్పిట్లోనే పెట్టుకున్నారా? లేదు. పావువంతు వాటా ఉద్యోగులకి ఉచితంగా ఇచ్చేశారు, ఆ నష్టం తన ఒక్కదాని మీదే వేసుకుని. తర్వాత ఇంకా ఇచ్చారు. రోజువారీ బాధ్యత హిలరీ క్రాపర్ అనే ఇంకో ఆవిడకి అప్పగించి, 1993లో అరవయ్యేళ్లకి రిటైరయ్యారు. 1996లో కంపెనీ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. ఆ వాటాలతో ఉద్యోగుల్లో డెబ్బై మంది దాకా మిలియనీర్లయ్యారు. తనకొచ్చిన డబ్బులో దాదాపు ఏడు కోట్ల పౌన్లు ఆటిజం సంస్థలకీ, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంటర్నెట్ అధ్యయన సంస్థకీ, ఇంకా ఇలాంటివాటికీ ఇచ్చేశారు. 2025 ఆగస్టులో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మధ్యలో ఒకటి చెప్పడం మర్చిపోయాను. మొదటి 300 మంది ఉద్యోగుల్లో మగవాళ్లు ముగ్గురే. 1975లో బ్రిటన్‌లో లింగ వివక్షని నిషేధించే చట్టం వచ్చింది. ఆడవాళ్ల కోసం వచ్చిన ఆ చట్టం వల్లే, ఆడవాళ్లకి మాత్రమే పనివ్వడం ఆవిడకి కుదరలేదు. మగవాళ్లని కూడా తీసుకున్నారు. కంపెనీ ఏమీ చెడిపోలేదు, ఇంకా పెరిగింది. తల్లుల కోసం కట్టిన పద్ధతి మగవాళ్లకి కూడా సరిపోయిందన్నమాట. మీ మేనేజర్ గారితో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మీరు అడగబోయేది మీ ఒక్కరికి ఇచ్చే మినహాయింపు అవ్వకూడదు. మినహాయింపు అడిగితే దయతో ఇస్తారు. దయతో ఇచ్చింది ఇంకొకరొచ్చి తీసేస్తారు.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. ఈ వారాంతంలో, బాబు నిద్రపోయాక, ఆఫీసు పని తెరవకుండా ఒక కాగితం తీసుకోండి. గత మూడు నెలల్లో మీరు పూర్తి చేసినవి రాయండి. 'సపోర్ట్ చూశాను' అని రాయకండి. ఏ సమస్య, ఎన్నిసార్లు వచ్చింది, మీరు ఎక్కడ దిద్దారు, ఆ తర్వాత మళ్లీ వచ్చిందా లేదా, ఇలా రాయండి. పేమెంట్స్ డిజైన్ చేసిన మనిషి సపోర్ట్ టికెట్లు చూస్తే మూలం ఎక్కడుందో కనిపెట్టకుండా ఉండలేదు. మీ చేతిలో అలాంటివి కనీసం రెండు మూడు ఉంటాయని నా నమ్మకం. రేపు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

తర్వాత మేనేజర్ గారికి మెయిల్ రాయండి, మాటల్లో కాదు. రెండే విషయాలు ఉండాలి. మొదటిది, లీడ్ రోల్‌కి కావలసిన అర్హతలు రాతపూర్వకంగా ఇవ్వమని. 'ఎప్పుడూ అందుబాటులో ఉండటం' అన్నది కాగితం మీద పెట్టమంటే, చాలామంది అక్కడే ఆగి ఆలోచిస్తారు. నిజంగా ఏ పని కోసం సాయంత్రం మనిషి కావాలి? ప్రొడక్షన్‌లో సిస్టమ్ పడిపోతేనా? అయితే దానికి వంతులు వేసుకోవచ్చు, మీ వంతు మీరూ చేస్తారు. ఆరు గంటలకి పెట్టే మీటింగు కోసమా? అయితే ఆ మీటింగు రెండు గంటలకి జరగవచ్చు. రెండోది, ఎనిమిది వారాలకి ఒక మాడ్యూల్ మొత్తం మీకు అప్పగించమని. ఆ మాడ్యూల్‌కి సంబంధించి ఏది ఎప్పుడు పూర్తయినట్టో ముందే రాసుకుని, ఇద్దరూ ఒప్పుకోవాలి. గడువు తప్పితే అది మీ మీదే. మీరు ఎన్నింటికి లేచి వెళ్లారన్నది మాత్రం ఆ ఎనిమిది వారాలు ఎవరూ లెక్కపెట్టరు. ఇలా రాస్తే కాదనడం కష్టం. ఒకవేళ కాదంటే, ఎందుకు కాదన్నారో మీ దగ్గర రాతలో ఉంటుంది. ఆపై హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాలన్నా, ఇంకో టీముకి మారాలన్నా, బయట ఇంటర్వ్యూకి వెళ్లాలన్నా ఆ కాగితాలు పనికొస్తాయి.

రాత్రి పదింటి పని విషయంలో నా మాట వినండి. వారానికి రెండు రోజులకి తగ్గించండి. మొదట్లో టెన్షన్‌గా ఉంటుంది, తెలుసు. కానీ రాత్రి నిశ్శబ్దంగా చేసి ఇస్తున్నంతకాలం, ఎనిమిది గంటల్లో ఎంత పని పడుతుందన్న నిజం మీ మేనేజర్ గారికి తెలియదు. మీ నిద్ర ఖర్చుతో వాళ్ల అంచనా తప్పు కప్పబడిపోతోంది.

ఇంట్లో సంగతి మీరు రాయలేదు, నేను తరచి అడగను. ఒక్కటి చెబుతాను. బాబు బాధ్యతలో మీవారి పాలు ఎంతో కూడా అదే కాగితం వెనక రాసుకోండి. ఏ రోజు ఎవరు త్వరగా రావాలి, జ్వరమొస్తే ఎవరు సెలవు పెట్టాలి. 5:30కి వెళ్లేది రోజూ మీరే ఎందుకవ్వాలి?

సొంతంగా మొదలుపెట్టడం గురించి అడిగారు. వద్దని చెప్పను. కోపంతో మాత్రం వద్దు. షర్లీ గారు కంపెనీ పెట్టేసరికి ఆ రంగంలో పదేళ్ల పని ఉంది, ఇంట్లో ఇంకో జీతం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరూ అమ్మని సరుకు ఏమిటో, ఎవరూ పిలవని మనుషులు ఎక్కడున్నారో స్పష్టంగా తెలుసు. మీకు పదమూడేళ్ల పని ఉంది. మిగతా రెండూ ఉన్నాయేమో చూసుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. 'నువ్వు మొదలుపెడితే మొదటి పని నేనిస్తాను' అని నోటితో అనే మనిషి కనీసం ఒక్కరైనా ఉండాలి. ఆ ఒక్కరు దొరికిన రోజు నాకు రాయండి, ఆ విషయమే విడిగా మాట్లాడుకుందాం.

ఇక ఆ పోస్టు. గ్రూపులో జవాబు రాయకండి. మెయిల్ పంపాక మీ మేనేజర్ గారితో విడిగా కూర్చున్నప్పుడు, కోపం లేకుండా అడగండి: "సార్, ఆవిడ ఇంటి దగ్గర్నుంచి, పిల్లలు పడుకున్నాక పనిచేసేవాళ్లతోనే కాన్‌కార్డ్ బ్లాక్ బాక్స్ చేయించారు. మన టీములో ఆ పద్ధతి ఒక్క మాడ్యూల్‌కి పెట్టి చూద్దామా?" నా అంచనా ఏమిటంటే, ఆయన చెడ్డ ఉద్దేశంతో ఆ పోస్టు పెట్టి ఉండరు. ఆవిడని నిజంగానే మెచ్చుకుని పెట్టి ఉంటారు. మెచ్చుకున్నవాళ్లని ఆవిడలా చేయమని అడిగే హక్కు మీకుంది. ఆవిడ కథలో ఆయన స్థానంలో ఉన్నది స్టీవ్ కదా, మీరు ఆ ఇంటి టేబుల్ దగ్గర కూర్చున్న ప్రోగ్రామర్.

ఎనిమిది వారాలయ్యాక ఎలా జరిగిందో రాయండి. ఆయన ఒప్పుకోకపోయినా రాయండి. ఆయన జవాబు మెయిల్ ఉంటే, పేర్లు తీసేసి దాన్నీ జత చేయండి.